గోదారి ఎగదన్నినప్పుడు

మా నాయనమ్మ నోట ఒక మాట తరచూ వినబడేది. నదికీ అదే మాట, పొయ్యికీ అదే మాట, తన ఊపిరికీ అదే మాట. ఎగదన్నడం. "గోదారి ఎగదన్నింది" అనేది. "పొగ ఎగదన్నుతోంది, తలుపు తియ్యండే" అనేది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని "రాత్రంతా ఊపిరి ఎగదన్నిందే అమ్మా" అనేది. చిన్నప్పుడు ఇవి మూడూ వేరువేరు సంగతులని నాకు తోచేది కాదు. మా ఇంట్లోకి కిందినుంచి నెట్టుకొచ్చేదేదో ఉందనీ, అది ఒక రోజు నీళ్ళలా, ఒక రోజు పొగలా, ఒక రోజు నాయనమ్మ రొమ్ములో పిల్లికూతల్లా వస్తుందనీ అనుకునేదాన్ని.

మా ఊరు శబరి ఒడ్డున ఉంటుంది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది కదా, ఆ సంగమానికి కాస్త పైన, చింతూరు వెళ్ళే వైపు. ఒడిశా కొండల్లో పుట్టినప్పుడు ఈ నది పేరు కొలాబ్. సీలేరును కలుపుకొని కిందికి వచ్చేసరికి మా శబరి అవుతుంది. ఎండాకాలంలో ఇసుక మేటల మధ్య మోకాలి లోతు నీళ్ళు పారేవి. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా ఉండేవి. మా తాతకి ఒక నాటుపడవ ఉండేది. అవతలి ఒడ్డున మిర్చి చేలకి పోయే కూలీలను పొద్దున దాటించి, సాయంత్రం తీసుకొచ్చేవాడు.

ఎగదన్నడం అంటే మా ఊళ్ళో ఏమిటో చెప్పాలంటే ముందు గోదావరి దారి చెప్పాలి. భద్రాచలం వైపు నుంచి గోదావరి వరద దిగుతుంది. కూనవరం దాటాక కొద్ది దూరంలోనే పాపికొండలు మొదలవుతాయి. అప్పటిదాకా విచ్చలవిడిగా పరుచుకున్న నది ఆ కొండల నడుమ సన్నటి గొంతులోంచి పోవాలి. వచ్చే నీళ్ళు ఎక్కువ, పోయే దారి తక్కువ. ఇక గోదావరి అక్కడ నిలబడి పైకి లేస్తుంది. అది లేచాక శబరికి దాంట్లో కలిసే దారి ఉండదు. ముందు నెమ్మదిస్తుంది. తర్వాత ఆగుతుంది. ఆ తర్వాత వెనక్కి తిరుగుతుంది. కొండల్లో ఒక్క చుక్క వాన పడకపోయినా సరే, మా శబరి చింతూరు వైపు పారడం మొదలుపెడుతుంది.

తాత దీన్ని ఒక జొన్నదంటుతో కనిపెట్టేవాడు. శ్రావణమాసంలో రోజూ తెల్లవారుజామున రేవుకు వెళ్ళి, చేతిలో ఎండిన దంటు ముక్క విరిచి నీళ్ళలో వేసేవాడు. నేను లేచానంటే వెంట వెళ్ళేదాన్ని. దంటు కూనవరం వైపు సాగిపోతే మాట్లాడకుండా పడవ కట్టు విప్పేవాడు. అక్కడే తిరుగుతూ ఉండిపోతే ఇంటికి వచ్చి "బియ్యం అటకెక్కించండి" అనేవాడు. ఒకసారి ఆ దంటు ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. తాత కాలు మోపిన రాయికి జానెడు దూరంలో అది మెల్లగా ఒక చుట్టు తిరిగింది. పక్కనే ఒక వేపాకు, కాస్త నురగ, ఒక చచ్చిన మిడత. అన్నీ ఎటు పోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి తగులుతూ తిరిగాయి. తాత బీడీ వెలిగించలేదు. చెవి దగ్గర పెట్టుకున్న బీడీ అలాగే ఉంది. కాసేపటికి నురగ ముందు కదిలింది, దాని వెనక ఆకు, దాని వెనక దంటు. మా ఎడమచేతి వైపు పోవాల్సినవి కుడిచేతి వైపు పోయాయి. నీళ్ళ రంగు కూడా మారుతూ వచ్చింది. శబరి పచ్చటి నీళ్ళ కింద నుంచి గోదావరి ఎర్రనీళ్ళు, తడిసిన గుడ్డలోకి కుంకుమ పాకినట్టు పాకాయి. తాత లేచి నేరుగా కొట్టంలోకి వెళ్ళి గొడ్ల పలుపులు విప్పేశాడు.

ఆయన నాకు నేర్పిన గుర్తు ఇంకొకటి ఉంది. "చప్పుడుంటే పైనీళ్ళు, చప్పుడు లేకపోతే ఎగదన్ను." కొండల్లో వాన పడి వాగు పొంగితే దాని హోరు రెండు మైళ్ళు వినబడుతుంది. రాళ్ళు దొర్లుతాయి, చెట్లు విరుగుతాయి, మనిషి నిద్రలేచి పరుగెత్తడానికి సమయం ఉంటుంది. ఎగదన్నిన నీళ్ళకు నోరు లేదు. మేమందరం నది ఎదురుగా నిలబడి గట్టు ఎంత మునిగిందో చూస్తుంటే, అవి వెనక నుంచి, పెరటి వాగులోంచి, చేల కాలవల్లోంచి వచ్చేవి. పెరట్లో అంట్లు తోమే రాయి చుట్టూ తడి కనబడేది. తర్వాత గోడ మీద నల్లచీమలు గుడ్లు మోసుకుంటూ బారులు కట్టి పైకి ఎక్కేవి. కట్టెల మోపులోంచి జెర్రులు, ఒక్కోసారి పాములు బయటికి వచ్చేవి. చీమలు ఎక్కిన ఎత్తు చూసి నాయనమ్మ పచ్చడి జాడీలు ఇంకో మెట్టు పైకి పెట్టేది.

మా అమ్మకి ఈ మాట మొదట్లో కొరుకుడు పడలేదట. అమ్మ పుట్టిల్లు పశ్చిమగోదావరిలో, మొగల్తూరుకు దగ్గర్లో, ఉప్పుటేటి ఒడ్డున. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పట్టుకెళ్ళే ఏరు అది. అక్కడా నీళ్ళు వెనక్కి పారతాయి. కానీ వాళ్ళ మాట వేరు. సముద్రం లోపలికి వస్తే పోటు, తిరిగి పోతే పాటు. ఎండాకాలంలో కొల్లేట్లో నీళ్ళు తగ్గితే ఆ పోటు ఉప్పునీటిని ఏటి వెంబడి పైపైకి నెట్టుకుపోతుంది. రోజుకు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు పోతుంది, నిన్నటికంటే ఇవాళ ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా. అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువ. పడవలు పోటు మీద ఎక్కి, పాటు మీద దిగుతాయి. అమ్మ దృష్టిలో వెనక్కి పారే నీరు భయపడాల్సింది కాదు, దానికో వేళ ఉంది, దాని పని చూసుకుని వెళ్ళిపోతుంది.

కొత్తకోడలుగా వచ్చిన ఏడు శబరి వెనక్కి తిరిగినప్పుడు అమ్మ "పోటొచ్చింది అత్తయ్యా, సాయంత్రానికి తీసేస్తుందిలెండి" అందట. నాయనమ్మకు అర్థం కాలేదు. "పోటా? ఎక్కడమ్మా పోటు, తలలోనా?" అని కంగారుగా అడిగిందట. మా ఊళ్ళో పోటు అంటే తలపోటు, పంటిపోటు, కత్తిపోటు. ఒంట్లోకి దిగేది ఏదైనా పోటే. అమ్మ దేశంలో అది ఏట్లోకి దిగే సముద్రం. తిరుమలలో లడ్డూలు చేసే వంటశాల కూడా పోటే. ఇన్ని చోట్ల ఇన్ని అర్థాలతో బతికే మాటను ఆ ఇద్దరూ చెరో కొస పట్టుకున్నారు. ఆ సాయంత్రానికి నీళ్ళు తియ్యలేదు. నాలుగు రోజులు ఉన్నాయి. ఆ తర్వాత అమ్మ మా నదిని పోటు అనడం మానేసింది, కానీ నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఎగదన్నింది అని కూడా అనలేదు. "నీళ్ళు తిరిగాయి" అనేది. అంతవరకే.

పొయ్యి సంగతి. మా వంటిల్లు నదికి అడ్డంగా ఉండేది, పెంకుటిల్లు, పొగ పోవడానికి పైన రెండు పెంకులు లేపి ఉంచేవాళ్ళు. వానాకాలం గాలి నది మీంచి వచ్చి కప్పుకు కొట్టుకుంటే ఆ సందులోంచి బయటికి పోవాల్సిన పొగ లోపలికే దిగేది. అప్పుడు నాయనమ్మ "ఎగదొయ్యి, ఎగదొయ్యి" అని అరిచేది. కట్టెలు లోపలికి తోసి మంట లేపితే ఆ వేడికి పొగ మళ్ళీ పైదారి పడుతుందని. ఎగదన్నే దానికి ఎగదొయ్యడమే మందు. ఈ ఎగదొయ్యడానికి ఊళ్ళో ఇంకో అర్థం ఉందని కాస్త పెద్దయ్యాక తెలిసింది, ఇద్దరి మధ్య తగువు ఆరిపోతుంటే పక్కన చేరి మాటలు అందించడం. ఎవరి గురించైనా "వాడు పొయ్యి ఎగదోసే రకం" అని నాన్న అంటే ఆ మనిషి మా వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్నట్టు కనబడేవాడు నాకు.

ఇక ఊపిరి. నాయనమ్మకు ఉబ్బసం. వానాకాలం, చలికాలం పడుకునేది కాదు, మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి ఉండేది. మెడ దగ్గర గుంటలు లోపలికి పోయేవి. ఎగశ్వాస అంటారు పుస్తకాల్లో. మేము ఎగఊపిరి అనేవాళ్ళం. చాలా ఏళ్ళు ఆవిడ గాలి పీల్చుకోలేకపోతోందనే అనుకున్నాం. భద్రాచలంలో ఒక డాక్టరుగారు విడమరిచి చెప్పారు. "పీల్చడం కాదమ్మా, వదలడం దగ్గరే మీకు ఇబ్బంది. లోపలి గొట్టాలు బిగుసుకుపోతాయి. పాత గాలి బయటికి పోలేక నిలిచిపోతుంది. అది ఉండగా కొత్త గాలికి చోటెక్కడిది?" నాయనమ్మ కాసేపు ఆయన మొహం చూసి, "అయితే మా శబరి లాగేనన్నమాట బాబూ. కింద గొంతు సన్నం" అంది. డాక్టరుగారు మా వైపు వాళ్ళు కాదు, ఆయనకు అర్థం కాలేదు. నేను పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాను. నాకు అర్థమైంది. అంతకుముందు ఏడాది వరదలో నేను చూసింది అదే గనక.

ఆ ఏడు 1986. నేను మూడో తరగతి. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఇప్పటిదాకా అంత నీటిమట్టం మళ్ళీ రాలేదు. మేము అప్పటికే ఊరు వదిలి గుట్ట ఎక్కేశాం. జెండా పండగ లేదు, బిళ్ళలు లేవు. గుట్ట మీది కోయగూడెం వాళ్ళు ఒక పాక ఖాళీ చేసి ఇచ్చారు. ఆ ఇంటి పెద్దమ్మ జొన్నజావ కాచి మా అందరికీ పోసింది. ఆవిడ మా భాష కొంచెమే మాట్లాడేది, మాకు ఆవిడ భాష రాదు. నాయనమ్మ వీపు మీద చెయ్యి వేసి నిమరడానికి భాష అవసరం కాలేదు.

పైనుంచి చూస్తే ఊరు లేదు. మా చింతచెట్టు తల, బడి కప్పు, అంతే. మిగతాదంతా ఎర్రగా, కదలకుండా పరుచుకుని ఉంది. మామూలు వరదలో కనబడే సుడులు, దుంగలు, పరుగు ఏమీ లేవు. చెరువులా ఉంది. ఆ నిశ్చలమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ రాత్రి నాయనమ్మ మూడు మాటలూ ఒక్కసారే మా మీదికి వచ్చాయి. కింద నీళ్ళు ఎగదన్నుతున్నాయి, అంతకంతకూ ఒక్కో బండరాయి కనబడకుండా పోతోంది. పాకలో కట్టెలు తడివి, పొగ బయటికి పోకుండా ఎగదన్నుతోంది. ఆ పొగకి నాయనమ్మ ఊపిరి ఎగదన్నడం మొదలైంది. అమ్మ లేచి పొయ్యిలో నీళ్ళు కుమ్మరించింది. పిల్లలం ఆకలితో ఉన్నాం, అన్నం సగమే ఉడికింది. అయినా ఎవరూ మాట్లాడలేదు. చీకట్లో అమ్మ నాయనమ్మను తన ఒళ్ళోకి ఆనించుకుని కూర్చుంది. వాము నలిపి ముక్కు దగ్గర పెట్టింది. నాయనమ్మ ఊపిరి బయటికి వచ్చేటప్పుడు సన్నగా, పొడవుగా, ఎక్కడో తలుపు సందులోంచి గాలి దూరినట్టు చప్పుడు చేసేది. అది ఆగితే నేను తాత చెయ్యి పట్టుకునేదాన్ని. మళ్ళీ వినబడితే వదిలేదాన్ని. తెల్లారేదాకా అలాగే గడిచింది. తాత మాత్రం పాక గుమ్మంలో కూర్చుని కిందికి చూస్తూ ఉన్నాడు. తెల్లవారాక ఒక బండ కొస మళ్ళీ బయటపడింది. ఆయన వెనక్కి తిరిగి నాయనమ్మతో "తీసిందే" అన్నాడు. నాయనమ్మ తలూపింది. ఆవిడ ఊపిరి కూడా అప్పటికి కాస్త నెమ్మదించింది.

ఊరికి తిరిగి వచ్చాక చూశాం, ఇళ్ళు చాలావరకు నిలబడే ఉన్నాయి. మట్టిగోడలు కరిగిపోయాయి కానీ కప్పులు, దూలాలు కొట్టుకుపోలేదు. బదులుగా ప్రతి చోటా ఒండ్రు. పారని నీరు మోసుకొచ్చిన మట్టినంతా ఉన్నచోటే దింపుతుంది. బావి సగం పూడిపోయింది. పచ్చడి జాడీల్లో ఒండ్రు, నా పలక మీద ఒండ్రు, తాత పడవ నిండా ఒండ్రు. "వరద పట్టుకుపోతుంది, ఎగదన్ను పెట్టిపోతుంది" అన్నాడు తాత, పార పట్టుకుంటూ. ఆ చలికాలం పెసర చల్లితే మా చేలో ఎప్పుడూ లేనంత కాపు కాసింది. ఆ పెసలతో నాయనమ్మ గుట్ట మీది పెద్దమ్మకు ఒక బస్తా పంపింది.

ఈ మాటకు ఇంకా చుట్టాలు చాలామందే ఉన్నారు. చేసిన పని మనకే తిరిగి తగిలితే ఎదురుతన్నింది అంటాం. ఈమధ్య నాకు రాత్రిపూట గొంతులోకి పులుపు ఎగదన్నుతోంటే డాక్టరు రిఫ్లక్స్ అని రాశారు. కోపం తన్నుకొస్తుంది, వాంతి తన్నుకొస్తుంది. తూర్పారబట్టేటప్పుడు గాలి తిరిగితే పొట్టు మొహాన తంతుంది. అన్నిట్లోనూ ఉన్నది ఆ తన్నే. పోవాల్సినదాన్ని పోనివ్వకుండా ఏదో కింద కాలు అడ్డం పెట్టిందన్న ఊహ. వరద అన్న మాటలో ఆ సంగతి లేదు. వరద అంటే నది తప్పు. ఎగదన్నింది అంటే శబరి తప్పేమీ లేదు, పాపం దానికి దారి దొరకలేదు. మా ఊరివాళ్ళకి ఆ తేడా చాలా ముఖ్యం. నీళ్ళు వచ్చి ఇల్లు ముంచినా శబరిని ఎవరూ తిట్టేవాళ్ళు కాదు.

నాయనమ్మ 1994లో పోయింది, పుష్యమాసం చలిలో. అమ్మ అందరికీ కాఫీలు పెట్టింది, వచ్చినవాళ్ళకు చాపలు వేసింది, చీర కొంగు నడుముకు దోపుకుని పని మధ్యలోనే తిరిగింది. మూడోనాడు వంటింట్లో పొయ్యి అంటిస్తూ పొగకి కళ్ళు మూసుకుని అలాగే చతికిలబడిపోయింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. "దుఃఖం ఎగదన్నుకొస్తోందే" అంది. ఆ మాట అమ్మ నోట నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు మా ఊళ్ళో ఈ మాట తక్కువ వినబడుతోంది. పేపర్లో గోదావరి ఎగపోటు అని రాస్తారు. అమ్మ మాటా నాయనమ్మ మాటా ఒకచోట చేరినట్టుంటుంది అది చూస్తే. ఊళ్ళో కుర్రాళ్ళు మాత్రం బ్యాక్‌వాటర్ అంటారు. పోలవరం వచ్చాక పెద్దవాళ్ళ నోట కూడా అదే మాట, దానితోపాటు కాంటూరు, ప్యాకేజీ. పెళ్ళిలో కలిసినా, చావులో కలిసినా "మీది 41.15లో ఉందా, 45.72లోనా?" అని అడుగుతారు. జలాశయం నీరు ఎన్ని మీటర్ల దగ్గర నిలబడితే ఎవరి గుమ్మం మునుగుతుందన్న లెక్క అది. మా ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ఒక నంబరు వేసి వెళ్ళారు. బ్యాక్‌వాటర్ అనే మాట నేనూ వాడతాను, ఆఫీసులో అర్జీ రాసేటప్పుడు అదే రాయాలి. కానీ అది కాగితం మీద గీసిన గీతకు సరిపోయే మాట. దంటు ఆగిపోవడం, చెవి దగ్గర బీడీ అలాగే ఉండిపోవడం, చీమలు గోడ ఎక్కడం అందులో లేవు.

2022 జూలైలో మళ్ళీ వచ్చింది. అప్పుడు ఆగస్టు కూడా కాదు. జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు. నేను హైదరాబాదులో టీవీ ముందు కూర్చుని టెన్షన్‌తో గోళ్ళు కొరుక్కుంటున్నాను. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం పేర్లు కింద స్క్రోలింగ్‌లో పోతున్నాయి. తాత లేడు, అమ్మ నా దగ్గరే ఉంది. ఊళ్ళో ఉన్నది మా పెద్దనాన్న కొడుకు. అన్నయ్య ఫోను రెండు రోజులు కలవలేదు. మూడోరోజు పొద్దుపోయాక తనే చేశాడు. అందరం గుట్ట మీదే ఉన్నామనీ, గొడ్లను కూడా ఎక్కించామనీ, ఇల్లు మునిగిందనీ చెప్పాడు. ఫోన్లో చార్జింగు తక్కువ ఉందని గబగబా మాట్లాడుతున్నాడు.

అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఒరేయ్, పైనీళ్ళా, ఎగదన్నా?" అని అడిగింది.

"ఉండు పిన్నీ" అన్నాడు. రాళ్ళ మీద దిగుతున్న అడుగుల చప్పుడు వినబడింది, తర్వాత అదీ ఆగింది. ఫోను నీళ్ళ దగ్గరగా పట్టుకున్నట్టున్నాడు. నేను స్పీకరు పెట్టాను. అమ్మా నేనూ ఫోను మీదికి వంగి విన్నాం. చాలాసేపు విన్నాం.

"ఏమైనా వినబడుతోందా పిన్నీ?"

"లేదురా" అంది అమ్మ.